చిత్తుప్రతిని అచ్చు వేయకండి

పుస్తకావిష్కరణ సభల్లో తరచూ వినిపించే మెచ్చుకోలు ఒకటుంది: ఈ నవలని ఈయన ఏకబిగిన రాసేశారు, ఒక్క కొట్టివేత కూడా లేదు. సభ చప్పట్లు కొడుతుంది. నాకు ఒళ్లు మండుతుంది. కొట్టివేత లేదంటే రాసినవాడు కూడా దాన్ని రెండోసారి నిలకడగా చదవలేదనే అర్థం. తాను చదవనిదాన్ని మనల్ని డబ్బిచ్చి కొని చదవమంటున్నాడు. అందులో మెచ్చుకోవలసింది ఏముంది?

ఈ గొప్పకి ఆసరాగా ఎప్పుడూ ‘వేయిపడగలు’నే తెస్తారు. విశ్వనాథ సత్యనారాయణ అంత పెద్ద నవలని 29 రోజుల్లో ఆశువుగా చెప్పి రాయించారని, 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీకి పంపితే అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిపి బహుమతి ఇచ్చారని చెబుతారు. అప్పటికే ఆయన ‘ఏకవీర’ లాంటి బిగువైన నవల రాసి ఉన్నారనీ, ఏళ్ల తరబడి పద్యం మీద చేసిన సాధన ఆయన వెనక ఉందనీ మాత్రం చెప్పరు. పైగా ‘వేయిపడగలు’లో కథ ఆగిపోయి ఉపన్యాసం సాగే పుటలు లేవా? ఉన్నాయి. విశ్వనాథ అభిమానులకి కోపం వచ్చినా అంటాను: ఆ నవలకి గొప్పతనం ఆ 29 రోజుల వల్ల రాలేదు. ఆ తొందరని తట్టుకుని నిలబడగల బలం దానికి ఉంది, అంతే. మీ నవలకీ నా నవలకీ ఆ బలం ఉందని ఎవరు హామీ ఇచ్చారు?

మనం ముందు పెట్టుకోవలసినవాడు గురజాడ. ‘కన్యాశుల్కం’ నాటకమే, నవల కాదు. అయినా తిరగరాయడం అంటే ఏమిటో తెలుగులో దానికన్నా బాగా నేర్పే పుస్తకం నాకు కనబడలేదు. 1892లో విజయనగరంలో ఆడారు, జనం మెచ్చారు. 1897లో అచ్చయింది. ఇంకొకరైతే శాలువా కప్పించుకుని అక్కడే ఆగిపోయేవారు. గురజాడ ఆగలేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. ఐదంకాలు ఏడయ్యాయి. మొదటి కూర్పులో ఒక పక్కన నిలబడిన మధురవాణి, రెండోదానికి వచ్చేసరికి కథ పగ్గాలు చేతబట్టుకుంది. సౌజన్యారావు పంతులంతటి పెద్దమనిషి ఎదుట కూర్చుని ఆయన నమ్మకాలనే నిలదీసింది. పరిశోధకుడు బంగోరె పట్టుబట్టి 1969లో ఆ మొట్టమొదటి కూర్పుని మళ్లీ అచ్చులోకి తెచ్చారు. రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదవని వాళ్లు నవల రాయడం గురించి వర్క్‌షాపుల్లో పాఠాలు చెప్పడం నాకు వింతగా ఉంటుంది.

మనవాళ్లు ప్రూఫులు దిద్దడాన్నే తిరగరాయడం అనుకుంటున్నారు. ఒత్తులు సరిచేస్తారు, డీటీపీలో జారిపోయిన దీర్ఘాలు పెడతారు, పనైపోయిందంటారు. అసలు పని ఇంకా మొదలే కాలేదు. ఈ కథ ఎవరిది, ఎవరు చెబుతున్నారు, ఎక్కడ మొదలుపెట్టి చెబుతున్నారు అన్నవి అప్పటికీ తేలి ఉండవు. దోస్తోయెవ్‌స్కీ 26 రోజుల్లో ‘జూదరి’ చెప్పి రాయించాడని ఉదాహరణ చూపేవాళ్లు, అంతకు ముందు ఏడాది సంగతి దాటేస్తారు. ‘నేరము–శిక్ష’ని ఆయన మొదట హంతకుడే తన కథ చెప్పుకునే పద్ధతిలో రాశాడు. చాలా భాగం పూర్తయ్యాక 1865 నవంబరులో దాన్ని కాల్చేసి మళ్లీ మొదలుపెట్టాడు. అప్పులవాళ్లు తరుముతున్న రోజుల్లో చేశాడా పని. మనకి ఏ అప్పులవాడూ గుమ్మంలో లేడు, అయినా తొందర!

అమెరికన్ రచయిత్రి హార్పర్ లీ కూడా ఇలాగే తిరగరాసింది. ఆమె 1957లో ప్రచురణకర్తలకి ఇచ్చిన రాతప్రతిలో కథానాయిక పెద్దదై సొంతూరికి తిరిగొస్తుంది. చిన్నతనం మధ్యమధ్యలో జ్ఞాపకంగా వస్తుంది. ఎడిటర్ టే హోహాఫ్‌కి ఆ జ్ఞాపకాల్లోనే ప్రాణం కనిపించింది. లీ రెండేళ్లకి పైగా దాని మీదే కూర్చుని, కాలాన్ని వెనక్కి జరిపి, పిల్ల కంటితో మొత్తం మళ్లీ రాసింది. 1960లో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ వచ్చింది. మొదటి ప్రతి కూడా 2015లో అచ్చయింది కాబట్టి ఎవరైనా పోల్చి చూసుకోవచ్చు.

మన దగ్గర టే హోహాఫ్ ఎక్కడ? చాలామంది రచయితలు సొంత డబ్బుతో పుస్తకం వేసుకుంటున్నారు. ముఖచిత్రం వేసినవాళ్లకి డబ్బిస్తారు, ముందుమాటల కోసం నలుగురి ఇళ్లకి తిరుగుతారు. ‘ఈ నలభై పుటలూ తీసెయ్యండి’ అని చెప్పగల మనిషికి మాత్రం రూపాయి ఇవ్వరు. ఊరికే చెప్పినా పగబడతారు. ముందుమాటలో పొగిడినవాడు ఆప్తుడు, రాతప్రతిలో గీత పెట్టినవాడు శత్రువు.

సీరియళ్ల సంగతి మరీ బాధ. ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో విడతలుగానే వచ్చింది, కాబట్టి సీరియల్‌ని నేను తప్పుపట్టను. వారం వారం పాఠకుణ్ణి పట్టి ఉంచడం చిన్న విద్య కాదు. కానీ వారపత్రిక కోసం పెట్టిన మలుపులు, ‘గత వారం’ గుర్తుచేసే పేరాలు, ప్రతి అధ్యాయం చివరా తలుపు చప్పుడు, వీటన్నిటితో పుస్తకం వేయడమంటే స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగ్ కర్రలు తీయకుండా గృహప్రవేశం చేయడమే. 

మరి తిరగరాయడం ఎలా? రాతప్రతిని కొన్ని నెలలు కంటికి కనబడకుండా పెట్టండి. తీశాక కలం పట్టకుండా మొదటినుంచి చివరిదాకా చదవండి. ఆ తర్వాత ఒక్కో అధ్యాయానికి ఒక్కటే వాక్యం రాయండి: ఇక్కడ ఏం మారింది? ఎవరికి ఏం తెలిసింది, ఎవరు ఏం పోగొట్టుకున్నారు? వాక్యం దొరకని అధ్యాయం ఎంత అందంగా ఉన్నా పోవలసిందే. అందంగా ఉన్నవాటినే ముందు అనుమానించాలి, ఎందుకంటే వాటిని మనం మన ముచ్చట కోసం రాసుకుని ఉంటాం. చదవమని నా దగ్గరికి వచ్చే రాతప్రతుల్లో మొదటి అధ్యాయం తరచూ ఊరి వర్ణన, రెండోది వంశచరిత్ర. మనిషికి కష్టం వచ్చేది మూడోదానిలో. అక్కడ మొదలుపెట్టండి. ఊరు దానంతటదే కనిపిస్తుంది. కథాకాలానికి వేరే కాగితం మీద నెలలవారీ పట్టిక వేయండి, అప్పుడు వరికోతల మధ్య మొదలైన అధ్యాయం చివర మీ పాత్రలు మామిడిపళ్లు తినకుండా ఉంటాయి. ఆ తర్వాత, పాత ఫైలు మీద అతుకులు వేయకుండా, మొదటి వాక్యం నుంచి కొత్తగా రాయండి. చెయ్యి నొప్పి పుడితే పనికిరాని వాక్యం దానంతటదే రాలిపోతుంది.

నవలల పోటీలు పెట్టే సంస్థలకి, ఇక్కడివాళ్లకీ అమెరికాలో ఉన్నవాళ్లకీ, నేను అడిగేది ఒకటే. బహుమతి ప్రకటించిన నెలలోనే పుస్తకం తేవద్దు. ఆ డబ్బులో కొంత తీసి ఒక మంచి ఎడిటర్‌కి ఇవ్వండి. రచయితకి ఏడాది గడువివ్వండి. తిరగరాసిన ప్రతి చేతికొచ్చాకే ప్రెస్సుకి పంపండి. తిరగరాయనన్న రచయితకి బహుమతి సొమ్ము ఇచ్చేయండి, అచ్చు మాత్రం ఆపండి.