లాయల్టీకీ ఒక లెక్క ఉంది

కన్సల్టింగ్, ఆడిట్, సాఫ్ట్‌వేర్ ఇంప్లిమెంటేషన్ ఉద్యోగాల గురించి సీనియర్లు చెప్పేటప్పుడు జీతం తర్వాత వచ్చే మాట ఒకటుంది. ‘క్లయింట్ దగ్గరికి వెళ్తే ఫైవ్‌స్టార్ హోటల్‌లో స్టే రా! పాయింట్లు కూడా మనకే’. సోషల్ మీడియాలో ఫొటోలూ అలాంటివే. నగరం నడిబొడ్డున ఇరవయ్యో అంతస్తు కిటికీ, మడత నలగని తెల్లటి దుప్పటి, పళ్ల పళ్లెం పక్కన ‘ప్లాటినం మెంబర్‌కు స్వాగతం’ అని రాసిన చీటీ. ఫైనలియర్‌లో ఉండి రెజ్యూమె దిద్దుకుంటున్న వాళ్లకి ఉద్యోగమంటే ఇలా ఉండాలి అనిపించడంలో వింతేమీ లేదు.

ఆ గది చెడ్డదని నేను చెప్పను. ఆ మెంబర్‌షిప్ వెనకున్న ఒప్పందాన్ని ఒక్కసారి చదవమంటాను. ఎందుకంటే రేపు మీ మెయిల్‌కి వచ్చే ఆఫర్ లెటర్ కూడా దాదాపు అలాంటిదే. రెండూ మీ విధేయతనే అడుగుతాయి. కాకపోతే హోటల్ తాను బదులుగా ఏమిస్తుందో అంకెలతో సహా రాసి పెడుతుంది. కంపెనీని చాలాసార్లు మీరే అడగాలి. మనవాళ్లు అడగరు. అడిగితే ఆఫర్ పోతుందేమోనని భయం.

ఇంట్లో పడుకోని రాత్రులు

మారియట్ బాన్‌వాయ్‌నే తీసుకుందాం. 2016లో స్టార్‌వుడ్‌ని కొన్నాక మారియట్ తన పాత ప్రోగ్రాములన్నిటినీ కలిపి 2019లో దీనికి ఆ పేరు పెట్టింది. హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ దగ్గరి మారియట్, మైండ్‌స్పేస్‌లోని వెస్టిన్, గచ్చిబౌలి షెరటన్ అన్నీ దీని కిందికే వస్తాయి. చేరడానికి రూపాయి కట్టక్కర్లేదు. ఏడాదిలో 10 రాత్రులు గడిపితే సిల్వర్, 25కి గోల్డ్, 50కి ప్లాటినం, 75కి టైటానియం. ఆపైన అంబాసిడర్ కావాలంటే 100 రాత్రులతో పాటు 23,000 డాలర్ల ఖర్చు కూడా చూపించాలి. జనవరి 1 రాగానే రాత్రుల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు.

50 రాత్రులంటే ఎంత? సోమవారం వెళ్లి శుక్రవారం తిరిగొచ్చే ఉద్యోగికి వారానికి నాలుగు రాత్రులు. అంటే దాదాపు మూడు నెలల పాటు ప్రతి వారం పెట్టె సర్దుకోవాలి. టైటానియం కావాలంటే నాలుగు నెలలు దాటుతుంది. కో-బ్రాండ్ క్రెడిట్ కార్డుంటే కొన్ని రాత్రులు కలిసొస్తాయి గానీ అసలు లెక్క మారదు. ఆ కార్డుని మనం హోదాకి కొలత అనుకుంటాం. నిజానికి అది ఇంట్లో పడుకోని రాత్రుల పద్దు. చెల్లెలి పుట్టినరోజు, నాన్న డాక్టర్ అపాయింట్‌మెంట్, స్నేహితుడి పెళ్లి... వాటిలో ఎన్ని ఆ పద్దులోకి వెళ్లాయో కార్డు మీద రాసి ఉండదు.

అలాగని ఆ సౌకర్యాలు ఉత్తవేం కావు. రాత్రి పదకొండింటికి తెలియని ఊళ్లో ఒంటరిగా దిగే అమ్మాయికి వెలుతురున్న లాబీ, పేరు గుర్తుపట్టే సిబ్బంది, పొద్దున్నే చేతికందే టిఫిన్ విలువైనవే. ప్రయాణాలు ఇష్టమై, ఇంటి పరిస్థితి కూడా అనుకూలిస్తే అలాంటి ఉద్యోగాన్ని నిక్షేపంగా ఎంచుకోండి. పని చూసి ఎంచుకోండి, గది చూసి కాదు.

‘గ్యారంటీ’కి, ‘ఖాళీని బట్టి’కి తేడా

ప్లాటినం మెంబర్‌కి సాయంత్రం 4 గంటల దాకా లేట్ చెకవుట్ ఉంటుంది. రిసార్టులు, కన్వెన్షన్ హోటళ్లు మినహాయిస్తే ఇది దాదాపు గ్యారంటీ. అదే మెంబర్‌కి మంచి గదికి అప్‌గ్రేడ్ కూడా ఉంటుంది, కానీ అది ‘ఖాళీని బట్టి’. గోల్డ్ మెంబర్‌కి లేట్ చెకవుట్ మధ్యాహ్నం 2 దాకానే, అదీ ఖాళీని బట్టే. ఒకే పేజీలో, ఒకే సైజు అక్షరాల్లో ఈ రెండు రకాల హామీలూ పక్కపక్కనే ఉంటాయి. అనుభవమున్న ప్రయాణికుడు మొదటి రకాన్ని లెక్కలో వేసుకుంటాడు. రెండోది దొరికితే సంతోషిస్తాడు, అంతే.

ఈ అలవాటు ఆఫర్ లెటర్ చదివేటప్పుడు బాగా పనికొస్తుంది. ‘వేరియబుల్ పే 15 శాతం వరకు’ అన్నచోట ‘వరకు’ అనే మాట కింద గీత గీయండి. ‘పనితీరును, కంపెనీ ఫలితాలను బట్టి’ అని ఉంటే అది ఖాళీని బట్టి ఇచ్చే గది లాంటిది. ‘నచ్చిన లొకేషన్ ఇవ్వడానికి ప్రయత్నిస్తాం’ అన్నదీ అంతే. ఈఎంఐ, ఇంటద్దె, అమ్మకి పంపే డబ్బు... ఇవన్నీ గ్యారంటీ జీతం మీదే లెక్కేసుకోవాలి. ప్యాకేజీ అంకె ఫ్రెండ్స్‌కి చెప్పుకోవడానికి బాగుంటుంది. ఒకటో తారీఖున బ్యాంకులో పడేది వేరు.

చేతికి రాని పాయింట్లు

పాయింట్ల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. బాన్‌వాయ్‌లో చాలా హోటళ్లలో డాలర్‌కి 10 పాయింట్లు. ప్లాటినం వాళ్లకి ఇంకో 50 శాతం బోనస్. రెండేళ్ల పాటు ఖాతాలో ఏ కదలికా లేకపోతే పాయింట్లు పోతాయి. ఎన్ని పాయింట్లకి గది వస్తుందో చెప్పే స్థిరమైన పట్టికను 2022లో తీసేశారు. ఇప్పుడు ఆ ధర రోజును బట్టి మారుతుంది. అంటే మీరు దాచుకున్న దాని విలువ ఇచ్చినవాళ్ల చేతిలోనే ఉంది. చాలా పాయింట్లు ఎవరూ వాడకుండానే చెల్లిపోతాయని ఇలాంటి ప్రోగ్రాములు నడిపే ప్రతి కంపెనీకీ తెలుసు. ఆ అంచనా వాళ్ల పద్దుల్లో ముందే ఉంటుంది.

ఇప్పుడు మీ సీటీసీ కాగితం తీయండి. అందులో గ్రాట్యుటీ అని ఒక వరస కనిపించొచ్చు. ఏడాది సర్వీసుకి 15 రోజుల వేతనం లెక్క. నెలకు 20,000 బేసిక్ ఉంటే ఏడాదికి సుమారు 11,500 రూపాయలు. ఈ మొత్తాన్ని మీ ప్యాకేజీలో కలిపి చూపిస్తారు. కానీ రెగ్యులర్ ఉద్యోగికి అది సాధారణంగా ఐదేళ్లు పనిచేస్తేనే చేతికొస్తుంది. మూడేళ్లకే మానేస్తే? వాడని పాయింట్లే. జాయినింగ్ బోనస్‌కి ‘ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి’ అనే షరతు ఉండొచ్చు. షేర్లు ఇస్తామంటే అవి ఏ ఏడాదికి ఎన్ని మీవవుతాయో చూడాలి. ఇవేవీ మోసాలు కావు. షరతులున్న హామీలు, అంతే. చదవకుండా సంతకం పెడితేనే మోసపోయినట్టు అనిపిస్తుంది.

బాండ్ ఉత్త కాగితం కాదు

హోటల్ మెంబర్‌షిప్‌లో మీరు రేపు వేరే హోటల్‌కి వెళ్తే ఎవరూ జరిమానా అడగరు. సర్వీస్ బాండ్ అలా కాదు. ‘బాండ్‌లు కోర్టులో నిలవవు, ధైర్యంగా సంతకం పెట్టెయ్’ అనే సలహా హాస్టల్ గదుల్లో బాగా తిరుగుతుంది. అది పూర్తి నిజం కాదు. విజయా బ్యాంకు కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కనీసం మూడేళ్లు పనిచేయాలి, లేదంటే 2 లక్షలు కట్టాలి అన్న షరతు చెల్లుతుందని చెప్పింది. ఉద్యోగంలో ఉన్న కాలానికి పెట్టిన అలాంటి షరతు, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్ నిషేధించే కోవలోకి రాదని తేల్చింది.

దీనర్థం ప్రతి బాండూ చెల్లుతుందని కాదు. మొత్తం సమంజసంగా ఉందా, కంపెనీకి నిజంగా నష్టం ఉందా అన్నవి కోర్టులు చూస్తాయి. మీరు చూడాల్సినవీ అవే. ఎన్నేళ్లు? ఎంత మొత్తం? నెలలు గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుందా? కంపెనీయే తీసేస్తే పరిస్థితి ఏంటి? ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామంటున్నారా? ఈ చివరి ప్రశ్నకి జవాబు ‘అవును’ అయితే ఆగండి. ఇంట్లో పెద్దవాళ్లకీ, తెలిసిన లాయర్‌కీ చూపించకుండా ముందుకెళ్లొద్దు.

బిల్లు ఎవరిది, పాయింట్లు ఎవరివి?

ఈ హోటల్ ప్రోగ్రాముల్లో ఒక కీలకం ఉంది. గదిని ఎంచుకునేది ఉద్యోగి, బిల్లు కట్టేది కంపెనీ లేదా క్లయింట్. పాయింట్లు మాత్రం ఎంచుకున్నవాడికి వెళ్తాయి. మధ్యవర్తి వెబ్‌సైట్లకి కమీషన్ పోకుండా మిమ్మల్ని నేరుగా తమ దగ్గరే బుక్ చేయించుకోవడం హోటల్ ఉద్దేశం. బయటి సైట్‌లో బుక్ చేస్తే సాధారణంగా పాయింట్లు రాకపోవడానికి కారణం ఇదే. ఇంతవరకూ అది వ్యాపారం. కానీ ఆఫీసుకి పక్కనే తక్కువ ధరలో మంచి హోటల్ ఉండగా, పాయింట్ల కోసం ఖరీదైనదాంట్లో దిగితే ఆ తేడా ఎవరో ఒకరు కడుతున్నట్టే. గది రోజుకి 7,500 దాటితే దానిమీద 18 శాతం జీఎస్టీ కూడా తోడవుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే ట్రావెల్ పాలసీ అడిగి చదవండి. పాయింట్లు ఉంచుకోనిస్తారా, గది ధరకి పరిమితి ఎంత అన్నవి తెలుసుకోండి. మీ నిజాయతీని మేనేజర్ మొదట చూసేది ఇలాంటి చిన్న బిల్లుల్లోనే.

కౌంటర్‌కి అటువైపు

నేనూ ఒక డౌన్‌టౌన్ హోటల్‌లో మెంబర్‌గా దిగినప్పుడు కౌంటర్ దగ్గరి అమ్మాయి ‘వెల్‌కం బ్యాక్ సర్’ అంది. అంతకుముందు నేను ఆ హోటల్ గడప తొక్కలేదు. స్క్రీన్ మీద ప్రొఫైల్ చూసి అన్న మాట అది. కానీ ఎంత బాగా అంది! నా వెనక నిలబడ్డ ఒకాయన సూట్ గది కావాలని గొంతు పెంచాడు. గదులు లేవని ఆయనకి అంతే నెమ్మదిగా, కళ్లలోకి చూసి చెప్పింది. లేట్ చెకవుట్ ఎంతవరకూ ఇవ్వగలదో టక్కున చెప్పి, రాసిచ్చింది. ఆయన చల్లబడ్డాడు. ఆ అమ్మాయికి మీకన్నా రెండేళ్లు ఎక్కువ ఉంటాయేమో.

ఇవ్వలేనిదాన్ని ఇవ్వలేమని సూటిగా చెప్పడం, ఇవ్వగలిగినదాన్ని వెంటనే ఇవ్వడం. ఏ ఉద్యోగంలోనైనా పనికొచ్చే నైపుణ్యమిది. ఈ రంగం మీద ఆసక్తి ఉన్న ఇంటర్ విద్యార్థులు మీ ఇంట్లో ఉంటే ఎన్‌సీహెచ్ఎం జేఈఈ గురించి చెప్పండి. హైదరాబాద్ విద్యానగర్‌లోని ఐహెచ్ఎం లాంటి సంస్థల్లో సీట్లకి అదే దారి. డిగ్రీ చేస్తున్నవాళ్లకీ చోటుంది. ఏ రోజు ఏ గదికి ఎంత ధర పెట్టాలో చూసే రెవెన్యూ మేనేజ్‌మెంట్‌లోనూ, మెంబర్ల డేటాను విశ్లేషించే విభాగాల్లోనూ స్టాటిస్టిక్స్, కామర్స్, ఎక్సెల్ బాగా వచ్చినవాళ్లు కావాలి. గదిలో దిగేవాళ్లే కాదు, గది ధర నిర్ణయించేవాళ్లూ ఉద్యోగులే.

అడగడం అమర్యాద కాదు

ఇక ఇంటర్వ్యూలో ‘మా దగ్గర ఎన్నాళ్లు ఉంటారు?’ అని అడుగుతారు. ‘జీవితాంతం సార్’ అనకండి. అన్నా ఎవరూ నమ్మరు. ‘నేర్చుకోవడానికి పని, రాసిచ్చిన మాట ప్రకారం ఎదుగుదల ఉన్నంతకాలం ఉంటాను. మొదటి రెండేళ్లలో ఈ రోల్‌లో ఏం నేర్చుకుంటానో చెప్పగలరా?’ అనండి. ఆ జవాబులో పొగరు లేదు, భయమూ లేదు. మంచి కంపెనీ దానికి సంతోషంగా జవాబిస్తుంది. జవాబు దాటవేస్తే అది కూడా ఒక జవాబే.

సంతకం పెట్టేముందు తెల్లకాగితం మధ్యలో ఒక గీత గీయండి. ఎడమవైపు కంపెనీ గ్యారంటీగా ఇస్తానన్నవి, కుడివైపు ‘బట్టి’, ‘వరకు’, ‘ప్రయత్నిస్తాం’ అన్నవి రాయండి. కింద మీరు ఇస్తున్నవి రాయండి: ఎన్నేళ్లు, ఎన్ని ప్రయాణాలు, ఇంటికి దూరంగా ఎన్ని రాత్రులు. ఎడమవైపు ఉన్నవాటితోనే మీకు ఆ ఉద్యోగం నచ్చితే చేరండి, మనస్ఫూర్తిగా పనిచేయండి. కుడివైపు ఉన్నవాటి మీద ఆశతోనే చేరాలనిపిస్తే ఇంకో రాత్రి ఆలోచించండి.

హోటల్ వాళ్లు రాత్రికో అంకె వేసి మన విధేయతకి విలువ కడుతున్నారు. మన చదువుకి, మన యౌవనానికి మనం అంతకన్నా గట్టి లెక్క అడగడం తప్పెలా అవుతుంది?