ఇరవై నిమిషాల తొట్లకొండ

నడక అంటే నాకు చిన్ననాటి నుండి మమకారం. అందువల్లనే నడక పేరిట జరుగుతున్న ఒక తంతును గూర్చి ఈ నాలుగు మాటలు కటువుగా వ్రాయవలసి వస్తున్నది. నొచ్చుకునే మిత్రులు మన్నింతురు గాక.

మొన్నొక ఆదివారం విశాఖ-భీమిలి తీరం వెంట, దారి చూపేవారితో కూడిన ఒకనాటి పాదయాత్రకు రుసుము చెల్లించి వెళ్ళాను. ముప్పై మందిమి. తెల్లవారగానే తొట్లకొండ, అక్కడినుండి మంగమారిపేట, మధ్యాహ్నానికి ఎర్రమట్టి దిబ్బలు, పొద్దు గ్రుంకేలోగా భీమిలిలో డచ్చివారి సమాధులు. కాగితం మీద చూసినప్పుడు ఇంతకన్నా పుణ్యదినం ఉండదనిపించింది.

తొట్లకొండ సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున ఉన్నది. 1976లో నౌకాదళం వారి సర్వేలో వెలుగు చూసింది. 1988-93 నడుమ తవ్వకాలు జరిగి స్తూపాలు, చైత్యాలు, విహారాలు బయటపడ్డాయి. శాతవాహనుల నాణేలతోపాటు రోమను వెండి నాణేలూ దొరికాయి. అంటే రెండువేల యేండ్ల క్రితమే ఈ సముద్రం మనకు అడ్డు కాదు, దారి! ఇంతటి కథను మా మార్గదర్శి ఒక్క ముక్కలో తేల్చివేశాడు: "ఈ తొట్లు రాజులు స్నానాలు చేసినవండీ. ఫోటోలకు ఇరవై నిమిషాలు."

రాజులెక్కడ, స్నానాలెక్కడ! అవి భిక్షువులు నీటిని నిలువ చేసుకొనేందుకు రాతిలో తొలిచిన తొట్లు. కొండకు ఆ పేరు వచ్చిందే వాటివల్ల. వానకాలం మూడునెలలూ సంచారం మాని ఒకచోట నిలవడం భిక్షువుల నియమం. నిలవడం కోసం కట్టిన చోట మనకు దక్కినవి ఇరవై నిమిషాలు. ఇంతకన్న ఎగతాళి ఇంకేముంటుంది?

ఆ కుర్రవాణ్ణి నిందించను. కళాశాలలో చదువుకుంటూ రోజుకూలికి వచ్చినవాడు. చెప్పమన్నది చెప్పాడు, తరమమన్నట్టు తరిమాడు. తప్పు అమ్మినవారిది, అంతకుమించి కొన్న మాది.

మంగమారిపేటలో ఇసుక మీద చేపలు ఎండబెడుతున్న ఒక ముసలమ్మ మా గుంపును చూసి, "ఏటి బాబూ, మా ఊరు సూడ్డానికొచ్చారా, దాటీడానికొచ్చారా?" అని అడిగింది. మాలో కొందరు ముక్కులు మూసుకుని నడుస్తున్నారు. నా దగ్గర జవాబు లేకపోయింది.

అసలు సిగ్గు దిబ్బల దగ్గర. సముద్రం వెనక్కు తగ్గిన మంచుయుగంలో బయటపడిన ఇసుకను గాలి లోపలికి మోసుకొచ్చి పోగులు పెట్టింది. రేణువులకు ఇనుపతుప్పు పట్టి ఎర్రబడింది. వాన కోసి లోయలు చెక్కింది. అందుకు వేలయేండ్లు పట్టింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో ఇవి యునెస్కో తాత్కాలిక జాబితాకు కూడా ఎక్కాయి. మేము చేసినదేమిటి? అంచులెక్కి జారుడుబల్ల ఆడాము. ఫోటో కోసం నేనూ ఎక్కాను. నా కాలి క్రింద మూరెడు గట్టు పెళ్ళున విరిగి లోయలో పడింది. ముప్పై మంది నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. విరిగిన విగ్రహాన్ని అతికించవచ్చు, ఆ గట్టును ఏ శిల్పి అతికిస్తాడు?

ఇక భీమిలి. పదిహేడవ శతాబ్దంలో వచ్చిన డచ్చివారు 1825లో దానిని ఆంగ్లేయులకు అప్పగించి పోయారు. వారి సమాధుల ముందు చీకటిపడుతూండగా రెండు నిమిషాలు నిలబడి బస్సెక్కాము. మౌనం పాటించామనుకునేరు, చార్జింగు అయిపోయిందంతే!

"జనం రాకపోతే ఈ చోట్ల విలువ ఎవరికి తెలుస్తుంది?" అని ఒక మిత్రుడు వాదించాడు. మంచి ప్రశ్నే. కాని మేము ముప్పై మందిమి వెళ్ళివచ్చాము కదా, ఎవరికి ఏమి తెలిసింది? రావడం వేరు, తెలియడం వేరు. తలుపులు మూయమని నేననడం లేదు. ఒక్క రోజులో నాలుగు చోట్లు చుట్టబెట్టడం మానమంటున్నాను. గుంపును పదిమందికి కుదించండి. దిబ్బల్లో గుర్తుపెట్టిన బాటను దాటనీయకండి. మంగమారిపేట, భీమిలి యువకులకే చరిత్ర నేర్పి, తగిన కూలి ఇచ్చి, వారినే దారి చూపమనండి. తన ఊరి గట్టు విరిగితే తన గుండె విరిగే మనిషి మనల్ని అంచు దాకా పోనివ్వడు.

మంచి మార్గదర్శి పని నడిపించడం మాత్రమే కాదు, ఆపడం కూడా. ఆనాడు నన్ను ఎవరైనా ఆపి ఉంటే ఆ మూరెడు గట్టు ఇంకా అక్కడే ఉండేది.