సీటు ఒకనాడు, గది మరొకనాడు

విశ్వవిద్యాలయంలో పిల్లవాడికి సీటు వచ్చిందని తెలియగానే మన జిల్లాలో ఇంటి పెద్ద అడిగే మొదటి ప్రశ్న పాఠాలు ఎవరు చెబుతారని కాదు, గ్రంథాలయం ఎలా ఉంటుందని కాదు. "అక్కడ మనోళ్ళు ఎవులైనా ఉన్నారేటి?" అని. ఇందులో ఆయనను తప్పు పట్టడానికేమీ లేదు. ఇరవయ్యేళ్ళు కళ్ళ ముందు తిరిగిన బిడ్డ పరాయి ఊళ్ళో ఎక్కడ పడుకుంటాడు, ఏం తింటాడు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు అన్న బెంగ ఆ మాటలో ఉంది. అయితే ఆ బెంగ తీర్చవలసింది విశ్వవిద్యాలయం. తీర్చవలసిన వేళకు తీర్చకపోవడం వల్లనే హాస్టళ్ళలో "మనోళ్ళు" అనే మాటకు ఇంత బలం వచ్చిందని నా అభిప్రాయం.

ఎలాగో చెబుతాను. 2021 నుంచి మన రాష్ట్రంలో చాలా పి.జి. సీట్లకు ఒకే ప్రవేశ పరీక్ష పెడుతున్నారు. ర్యాంకు వచ్చాక విద్యార్థి ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని ఏ కోర్సు, ఏ కాలేజీ అన్నది వరుసగా ఎంచుకుంటాడు. వాల్తేరే కావచ్చు, తిరుపతి కావచ్చు, అనంతపురం కావచ్చు. కొన్నాళ్ళకు సీటు కాగితం వస్తుంది. కోర్సు పేరు, కాలేజీ పేరు, ఫీజు, ఫలానా తేదీలోగా చేరాలన్న హెచ్చరిక అన్నీ అందులో ఉంటాయి. గది మాట మాత్రం ఉండదు. దానికి వేరే దరఖాస్తు, వేరే చలానా, వేరే సంతకాలు. పాతవాళ్ళు గదులు ఖాళీ చేయాలి, వాళ్ళ మెస్సు బాకీలు తేలాలి, రెండో విడత సీట్లు పూర్తికావాలి, ఆ తరువాత గానీ జాబితా కదలదు. పదిహేను రోజులు పట్టవచ్చు, నెల దాటనూ వచ్చు. క్లాసులు మాత్రం ఆగవు. హాజరు మొదటి రోజు నుంచే లెక్క.

ఈ మధ్యలో ఆ పిల్లవాడు ఎక్కడ పడుకోవాలి?

ఈ ప్రశ్నకు జవాబు నాకు స్వానుభవం వల్ల తెలుసు. చాలా ఏళ్ళ కిందట ఒక విశ్వవిద్యాలయంలో చేరడానికి ట్రంకు పెట్టె, పక్కబట్టల చుట్ట పట్టుకుని బస్సు దిగాను. హాస్టలు జాబితా ఇంకా వేయలేదన్నారు. మా తాలూకావాడే ఒక సీనియరు ఉన్నాడని మా మేనమామ చీటీ రాసి ఇచ్చి పంపాడు. ఆయన మంచివాడు. రెండు మంచాల గదిలో అప్పటికే నలుగురున్నారు. మంచాల మధ్య నేల మీద నాకు చోటిచ్చాడు. ఇరవై రెండు రోజులు అక్కడే పడుకున్నాను, ఆయన పేరు చెప్పి మెస్సులో తిన్నాను. తరువాత జాబితా వచ్చింది. నాకిచ్చిన గదిలో ఒకతను కడప జిల్లావాడు, మరొకతను పల్నాడు వైపువాడు. పెట్టె సర్దుకుంటుంటే సీనియరు అడిగాడు: "అక్కడ మనోళ్ళెవరూ లేరు గదా, ఎందుకెళతావు?" ఇరవై రెండు రోజులు ఆయన ఉప్పు తిన్నవాణ్ణి, కాదనలేకపోయాను. ఎవరితోనో గది మార్చుకుని అక్కడే ఉండిపోయాను. ఆ ఏడు హాస్టలు ఎన్నికలు వస్తే నా ఓటు ఎవరికన్నది నన్ను అడగకుండానే లెక్క వేశారు. రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చినవాళ్ళు అన్ని వందలమంది ఉన్నచోట రెండేళ్ళు ఉండి, మనసు విప్పి మాట్లాడింది మూడు తాలూకాలవాళ్ళతో, అందులోనూ ఒకే కులంవాళ్ళతో. ఆ కడప అబ్బాయి పేరు కూడా నాకు గుర్తులేదు.

నన్నెవరూ బలవంతపెట్టలేదు. ర్యాగింగు చేయలేదు. అన్నం పెట్టారు, చోటిచ్చారు. నేను చెప్పదలచుకున్నదీ అదే. మొదటి నెల నెత్తిన నీడ ఎవరిస్తే విద్యార్థి వాళ్ళవాడైపోతాడు.

ఇది ఇవాళ పుట్టిన సంగతి కాదు. కిందటి శతాబ్దం మొదట్లో పల్లెల నుంచి పట్నానికి చదువులకు వచ్చిన పిల్లలకు నిలవనీడ లేకనే మన తెలుగు దేశంలో కులానికొక హాస్టలు వెలిసింది. 1918లో హైదరాబాదులో ఏర్పడిన రెడ్డి హాస్టలు అందరికీ తెలిసినదే. సురవరం ప్రతాపరెడ్డిగారి వంటి పండితుడు దాని బాగోగులు చూశారు. ఇలాంటి హాస్టళ్ళు లేకపోతే ఎంతోమంది పల్లెటూరి పిల్లలు పలకా బలపంతోనే ఆగిపోయేవారు. ఆ దాతల మేలు మరచిపోకూడదు. కాని ఏ కులం పిల్లలు ఆ కులం పంక్తిలోనే తిని పెద్దవాళ్ళయ్యారన్నదీ నిజమే. విశ్వవిద్యాలయ హాస్టలు వచ్చింది ఈ పంక్తులు కలపడానికి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరింది. ఊరికి ఎడంగా కొండ మీద విద్యార్థులు అక్కడే ఉండి చదువుకునే చోటుగా అది పెరిగింది. అలాంటి చోట కూడా గదుల్ని చుట్టరికాలకు వదిలేస్తే పాత పంక్తులే మళ్ళీ పడతాయి.

గది ఆలస్యం వల్ల మరో రెండు చిక్కులున్నాయి. ఒకటి మెస్సు బిల్లు. మన విశ్వవిద్యాలయాల్లో చాలా హాస్టళ్ళలో నెల ఖర్చును అందరూ కలిసి తిన్న రోజులతో భాగించి రోజుకింత అని తేలుస్తారు. ఉదాహరణకు నెల ఖర్చు 4,50,000 రూపాయలు, పట్టీలో ఎక్కిన భోజన దినాలు 5,000 అనుకుందాం. రోజుకు 90 రూపాయలు పడుతుంది. పట్టీలో పేరు లేకుండా నలభైమంది అతిథులు నెలంతా తిని ఉంటే వాళ్ళవి 1,200 రోజులు. అవీ లెక్కలోకి వస్తే రోజుకు 73 రూపాయలు కూడా పడేది కాదు. ఇరవై ఆరు రోజులు తిన్న పేద విద్యార్థి మీద ఆ నెల సుమారు 450 రూపాయలు అదనంగా పడుతుందన్నమాట. మెస్సు బిల్లు నెల తిరిగేసరికి వస్తుంది. ప్రభుత్వం ఇచ్చే డబ్బు అలా రాదు. 2020 ఫిబ్రవరిలో మన విజయనగరంలోనే ప్రారంభించిన వసతి దీవెన పథకంలో డిగ్రీ, ఆపై చదువులవారికి ఏడాదికి 20,000 రూపాయలన్నారు, అదీ రెండు విడతల్లో. బాకీ పేరుకున్న విద్యార్థికి నో డ్యూస్ కాగితం ఇవ్వరు. వంట బాగాలేదని కేకలు వేసే విద్యార్థి నాయకులు ఈ లెక్క జోలికి పోరు, ఎందుకంటే అతిథుల్లో సగంమంది వాళ్ళవాళ్ళే!

రెండోది ర్యాగింగు. దీనిమీద ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. 2009లో యూజీసీ చేసిన నిబంధనల ప్రకారం కొత్తవాళ్ళను వీలైనంతవరకు ప్రత్యేకంగా ఒక బ్లాకులో ఉంచాలి, వీలుకాకపోతే సీనియర్ల రాకపోకల మీద వార్డెన్లు, కాపలావాళ్ళు కన్నేసి ఉండాలి. తల్లిదండ్రుల చేత, విద్యార్థుల చేత ప్రమాణ పత్రాలు తీసుకుంటున్నది కూడా ఈ నిబంధనల కిందనే. పత్రం మీద సంతకం చేసి వచ్చిన పిల్లవాడు అదే రాత్రి సీనియరు గదిలో నేల మీద పడుకుంటే ఇక ఆ ప్రత్యేక బ్లాకు ఎవరికోసం? సీనియర్లు కొత్తవాళ్ళ దగ్గరకు రాకుండా కాపలా కాయాలని నిబంధన చెబుతుంటే, కొత్తవాళ్ళనే సీనియర్ల దగ్గరకు పంపుతున్నాం.

ఇంతవరకూ మగపిల్లల సంగతి. గది ఆలస్యమైతే మగపిల్లవాడు ఎవరి గదిలోనో తలదాచుకుంటాడు. ఆడపిల్ల ఇంటికి తిరిగివస్తుంది. సాలూరు, పార్వతీపురం వైపు నుంచి వాల్తేరులో చేరిన ఆడపిల్లకు హాస్టలు దొరకకపోతే తండ్రి నెలరోజులు ఎదురుచూడడు. "వచ్చే ఏడు చూద్దాంలే" అంటాడు. వచ్చే ఏటికి సంబంధం వస్తుంది. ఈమధ్య కొత్త మాట ఒకటి వినబడుతోంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు కనుక హాస్టలు ఖర్చు దేనికి, రోజూ వెళ్ళిరావచ్చు గదా అని. ఉచిత బస్సు వల్ల ఎంతో మేలు జరిగింది, కాదనను. కాని విజయనగరం నుంచి విశాఖ అరవై కిలోమీటర్లు. ఊరి నుంచి విజయనగరం రావడం, అక్కడ దిగి సిటీ బస్సు పట్టుకోవడం కలిపితే రానూపోనూ నాలుగైదు గంటలు. ప్రయోగశాలలో సాయంత్రం దాకా ఉండవలసిన సైన్సు విద్యార్థిని ఆఖరి బస్సు కోసం సగంలో లేచిపోతుంది. గ్రంథాలయం దీపాలు వెలిగేవేళకు ఆమె ఎస్.కోట రోడ్డు మీదనో, చీపురుపల్లి రోడ్డు మీదనో నిలబడి ఉంటుంది. తండ్రులు బస్సు ఛార్జీ లెక్క చూస్తున్నారు, ఈ గంటల లెక్క చూడడం లేదు.

ప్రైవేటు హాస్టళ్ళు లేవా అంటే ఉన్నాయి. డబ్బు గలవారికి అదొక దారి. పిల్లను అక్కడ చేర్చే తండ్రి గోడల రంగు చూడక ముందు రాత్రిపూట నీళ్ళు వస్తాయా, మేడ మీద నుంచి దిగడానికి రెండో మెట్లు ఉన్నాయా, కట్టిన అడ్వాన్సుకు రసీదు ఇస్తారా అన్నది చూసుకోవాలి. మధ్యలో యూనివర్సిటీ హాస్టలు వస్తే డబ్బు తిరిగి ఇస్తారా అన్నది కాగితం మీద రాయించుకోవాలి. ఇవ్వరనే ఎక్కువమంది చెబుతారు. అప్పుడు హాస్టలు సీటు వచ్చినా వదులుకోవలసి వస్తుంది.

ఇక గది దొరికిన విద్యార్థులకు ఒక మాట. మొదటి నెల ఇంటి మీద బెంగ తప్పదు. మెస్సు సాంబారు మన ఇంటి పులుసులా ఉండదు. గదిలో ఒకడికి రాత్రి రెండింటిదాకా దీపం కావాలి, ఇంకొకడికి తెల్లవారుఝామున అలారం కావాలి, మూడోవాడు తడి తువ్వాలు మన పుస్తకాల మీద ఆరేస్తాడు. సెలవు దొరికిందే తడవు శుక్రవారం సాయంత్రం బస్సెక్కి సోమవారం తిరిగివచ్చేవాడికి హాస్టలు ఎప్పటికీ అలవాటు కాదు, ఎందుకంటే స్నేహాలు కలిసేది ఆ ఆదివారాల్లోనే. మొదటి నెల రెండు ఆదివారాలైనా అక్కడే ఉండండి. దీపం సంగతి, అలారం సంగతి మొదటి వారంలోనే మొహమాటం లేకుండా మాట్లాడుకోండి. గది మార్పించుకోవాలని మొదటి పదిరోజుల్లోనే దరఖాస్తు పెట్టకండి. నిజంగా వేధింపు ఉంటే మాత్రం పదిరోజులు కాదు, ఒక్క రాత్రి కూడా ఆగనక్కరలేదు. దేశమంతటికీ 1800-180-5522 అనే ఉచిత ఫోను నంబరు అందుకే ఉంది.

గదులు లాటరీ వేసి వేరువేరు జిల్లాలవాళ్ళను, వేరువేరు శాఖలవాళ్ళను కలిపి వేయాలని నేనంటే ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. దళిత విద్యార్థికో, ఏజెన్సీ నుంచి వచ్చిన గిరిజన విద్యార్థికో తనవాళ్ళ గది కేవలం చుట్టరికం కాదు, అది రక్షణ అన్నాడు. అవమానించేవాళ్ళ మధ్య ఒంటరిగా పడేసి దానికి సమైక్యత అని పేరు పెట్టవద్దన్నాడు. ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. లాటరీలో వచ్చిన గది వద్దని చెప్పే హక్కు అలాంటి విద్యార్థికి ఉండాలి, కారణం నలుగురిలో చెప్పమని నిలదీయకూడదు. అయితే ఆ హక్కును అడ్డుపెట్టుకుని మాలాంటివాళ్ళం మా గదులు మేం కాపాడుకోవడం వేరే సంగతి. మాకు ఎవరినుంచీ రక్షణ అవసరం లేకపోయింది.

మన ఊరికీ ఇందులో పాలుంది. 2019లో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి, 2022లో విశ్వవిద్యాలయమైన మన జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కాలేజీకి బయట నుంచి పిల్లలు వస్తున్నారు. హాస్టలు దొరకక వీధుల్లో గది కోసం తిరిగే ఆ పిల్లలను మన ఇళ్ళవాళ్ళు అద్దె ఎంత ఇవ్వగలరని అడిగే ముందు "ఏవుళ్ళు బాబూ మీరు?" అని అడుగుతున్నారు. మాంసం వండుతారా అన్నది రెండో ప్రశ్న. మన పిల్లవాడు తిరుపతిలోనో అనంతపురంలోనో ఇదే ప్రశ్నకు జవాబు చెప్పలేక గడపలో నిలబడి ఉంటే మనకెలా ఉంటుంది?

విశ్వవిద్యాలయాలు చేయవలసింది గొప్ప ఖర్చుతో కూడిన పనేమీ కాదు. ఫీజు కట్టిన రోజునే గది ఇవ్వాలి. కొత్తవాళ్ళ గదులను వేసవిలోనే ఖాళీ చేయించి తాళం వేసి ఉంచాలి. అది కుదరకపోతే మొదటి నెలకు ఏ పరీక్ష హాలులోనో మంచాలు వేసి, మెస్సు పట్టీలో పేరు ఎక్కించి, ఒక వార్డెను రాత్రిళ్ళు అక్కడే ఉండేలా చూడాలి. ఆడపిల్లల విషయంలో ఒక్కరోజు కూడా ఆలస్యం పనికిరాదు. నెలనెలా భోజన దినాల లెక్క నోటీసు బోర్డు మీద పెట్టాలి. సీటు కాగితం మీద కోర్సు పేరు, ఫీజు, చేరవలసిన తేదీ అచ్చు వేస్తున్నారు. దాని కింద గది నంబరుకు ఒక గీత చోటు చాలు.