తిరుమలలో లాన్‌కు బదులు నేలను కప్పే మొక్కలు: ఎంత నీరు మిగులుతుంది? ఏ మొక్క ఎక్కడ పనికొస్తుంది?

తిరుమలలో నీళ్లు పొదుపుగా వాడాలని 2024 ఆగస్టులో టీటీడీ భక్తులకు, స్థానికులకు విజ్ఞప్తి చేసింది. గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార.. ఈ ఐదు డ్యాముల మొత్తం సామర్థ్యం 14,304 లక్షల గ్యాలన్లు. అప్పటికి ఉన్నది 5,800 లక్షల గ్యాలన్లే. అంటే దాదాపు 40 శాతం. మరో నాలుగు నెలలకు మించి సరిపోవని లెక్క తేలింది. ఆ తర్వాతి వానలతో గండం గడిచినా, ప్రశ్న మాత్రం అలాగే ఉంది. కొండపైన ప్రతి చుక్కకూ లెక్క ఉన్నప్పుడు, చూడటానికి మాత్రమే పెంచే పచ్చిక లాన్లకు రోజూ నీళ్లు పెట్టాలా? వాటి స్థానంలో తక్కువ నీటితో బతుకుతూ, నేలను పరుచుకుని ఏళ్ల తరబడి ఉండే మొక్కలు వేయలేమా?

కొండపై నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

తిరుమల సముద్రమట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తులో ఉంది. 2024 నాటి టీటీడీ లెక్క ప్రకారం రోజు వాడకం సుమారు 43 లక్షల గ్యాలన్లు. లీటర్లలో చెప్పాలంటే ఒకటిన్నర కోట్ల పైమాటే. అందులో 18 లక్షల గ్యాలన్లు కొండపై డ్యాముల నుంచి, మిగతాది కింద తిరుపతి సమీపంలోని కల్యాణి డ్యాం నుంచి వస్తుంది. కల్యాణి నీటిని మోటార్లతో కొండపైకి ఎక్కించాలి. కాబట్టి తిరుమలలో ఒక లీటరు ఆదా అయిందంటే దాంతోపాటు కరెంటు ఖర్చు కూడా ఆదా అయినట్టే.

లాన్ ఎన్ని నీళ్లు తాగుతుంది?

దీనికి ఓ చిన్న లెక్క ఉంది. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరు అంటే ఒక లీటరు. ఎండ, గాలి కలిసి రోజుకు 5 మిల్లీమీటర్ల నీటిని లాగేసే రోజుల్లో, పచ్చగా ఉంచాలనుకునే లాన్‌కు అందులో సుమారు 80 శాతం అందించాలి. అంటే చదరపు మీటరుకు 4 లీటర్లు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు కాబట్టి, ఎకరా లాన్‌కు రోజుకు 16 వేల లీటర్లు. కరవును తట్టుకునే మొక్కలు నిలదొక్కుకున్నాక 30 శాతంతో సరిపెట్టుకుంటాయి. అంటే ఎకరాకు దాదాపు 6 వేల లీటర్లు.

తేడా ఎకరాకు రోజుకు 10 వేల లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్న కేంద్ర ప్రమాణంతో చూస్తే, ఇది 74 మంది అవసరం.

అయితే దీన్ని మరీ పెద్దది చేసి చూడకూడదు. పది ఎకరాల లాన్ తీసేసినా మిగిలేది రోజుకు లక్ష లీటర్లు. తిరుమల మొత్తం వాడకంలో అది ఒక శాతం కూడా కాదు. వసతి గృహాల్లో కారే కుళాయిలు, మరుగుదొడ్ల వాడకం ముందు లాన్ చిన్న పద్దే. కాకపోతే ఒక తేడా ఉంది. భక్తుడు తాగే నీటిలో, స్నానానికి వాడే నీటిలో కోత పెట్టడం కష్టం. ఎవరూ అడుగు పెట్టని పచ్చికకు కోత పెడితే ఇబ్బంది పడేవారు ఉండరు. శుద్ధి చేసిన మురుగునీటితో తడిపే తోటల విషయంలో లెక్క మారుతుంది. అక్కడ తొందర అక్కర్లేదు. మంచినీటితో తడిపే చోటు నుంచే మార్పు మొదలుపెట్టాలి.

ఇంకెక్కడైనా చేశారా?

అమెరికాలోని లాస్ వెగాస్ ప్రాంతంలో లాన్ తీసేసిన వారికి నీటి సంస్థే డబ్బు ఇస్తోంది. ఆ సంస్థ లెక్క ప్రకారం చదరపు అడుగు గడ్డికి ఏడాదికి 73 గ్యాలన్లు పడితే, తక్కువ నీటి మొక్కలకు 18 గ్యాలన్లు చాలు. 2021లో నెవాడా రాష్ట్రం మరో అడుగు వేసింది. అలంకారానికి మాత్రమే ఉన్న గడ్డికి 2026 తర్వాత కొలరాడో నది నీటిని వాడకూడదని చట్టం చేసింది. ఇళ్ల ముందు సొంత లాన్లను మినహాయించింది. పిల్లలు ఆడే మైదానాల జోలికీ పోలేదు.

మనకు దగ్గరలో బెంగళూరు ఉంది. 2024 మార్చిలో అక్కడి జలమండలి తోటలకు, కార్లు కడగడానికి తాగునీరు వాడితే రూ.5,000 జరిమానా అని ప్రకటించింది. అది కరవు రోజుల ఆంక్ష. నెవాడాది శాశ్వత మార్పు. తిరుమలకు రెండో దారే నయం. ఎండాకాలంలో నీళ్లు ఆపేస్తే చచ్చిపోయే తోటను పెంచి, వానాకాలంలో మళ్లీ నాటడం రెట్టింపు ఖర్చు.

ఎడారి మొక్కలు ఇక్కడ పనికొస్తాయా?

చాలావరకు రావు. తిరుమలలో ఎండలెంత నిజమో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలూ అంతే నిజం. 2021 నవంబరులో కుండపోతకు ఘాట్ రోడ్డు దెబ్బతింది. డిసెంబరు 1న బండరాళ్లు విరిగిపడి రాకపోకలు ఆగాయి. కండ పట్టిన ఆకులున్న ఎడారి మొక్కలు ఇలాంటి తడికి కుళ్లిపోతాయి. ఇక్కడ కావాల్సింది ఏప్రిల్ ఎండను, నవంబరు వానను రెండింటినీ తట్టుకునే మొక్క. వాలు నేలల్లో మట్టి జారకుండా పట్టుకోవాలి కూడా.

మరి ఏవి పనికొస్తాయి?

గరిక: మన గరికే అసలైన కరవు గడ్డి. నీళ్లు లేకపోతే పైన ఎండిపోతుంది కానీ వేరు చావదు. వాన పడగానే మళ్లీ చిగురిస్తుంది. భక్తులు కూర్చునే, పిల్లలు ఆడుకునే చోట దీన్ని మించింది లేదు. వేసవిలో అది గోధుమరంగులో కనిపించడాన్ని మనం ఒప్పుకుంటే చాలు.

బొక్కెనాకు: చెరువు గట్ల మీద పాకే మొక్క. తడిని, ఎండను రెండింటినీ ఓర్చుకుంటుంది. కణుపు కణుపుకూ వేరు వేసి నేలను బిగించి పట్టుకుంటుంది. చిన్న చిన్న పూలకు తేనెటీగలు వస్తాయి. కాలికి చెప్పుల్లేకుండా భక్తులు నడిచే దారుల పక్కన మాత్రం వద్దు.

విష్ణుక్రాంతం: నేలకు అంటుకుని పెరిగే చిన్న నీలిపూల మొక్క. మెట్ట నేలల్లో తనంతట తానే మొలుస్తుంది. రాళ్ల మధ్య, ఎండ బాగా తగిలే చోటికి సరిపోతుంది. నర్సరీల్లో 'బ్లూ డేజ్' పేరుతో అమ్మేది దీనికి దక్షిణ అమెరికా బంధువు.

బహువార్షిక వేరుశనగ: చిత్తూరు, అనంతపురం రైతులు వేసే వేరుశనగకు దాయాది. పసుపు పూలతో నేలంతా పరుచుకుంటుంది. గాలిలోని నత్రజనిని తీసుకుంటుంది కాబట్టి ఎరువు ఖర్చు తక్కువ. ఫ్లోరిడాలో లాన్‌కు బదులుగా వాడుతున్నారు.

వేటికి దూరంగా ఉండాలి?

రోడ్ల డివైడర్లపై పసుపు పూలతో కనిపించే వెడీలియాను చాలామంది మంచి ప్రత్యామ్నాయం అనుకుంటారు. త్వరగా అల్లుకుంటుంది, చౌక. ప్రమాదం కూడా అక్కడే ఉంది. ప్రపంచంలోని 100 అత్యంత హానికర ఆక్రమణ జాతుల జాబితాలో అది ఉంది. మనం పులికంప అని పిలిచే లాంటానా కూడా అదే జాబితాలో ఉంది. తిరుమల చుట్టూ ఉన్నది 2010లో బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించిన శేషాచలం అడవి. ఎర్రచందనానికి, పేరిత లాంటి అరుదైన మొక్కలకు ఇది పుట్టిల్లు. తోటలోంచి ఒక కాండం ముక్క వాగులో పడితే చాలు, వెడీలియా అడవిలోకి చేరుతుంది.

గుబురుగా పెరిగేవి కూడా నడకదారుల పక్కన వద్దు. 2023 ఆగస్టులో అలిపిరి మార్గంలో చిరుత దాడిలో ఓ చిన్నారి ప్రాణం పోయింది. దారి పక్కన చూపు ఆనేలా ఖాళీ ఉండాలి. చీలమండ ఎత్తు దాటని మొక్కలే అక్కడ వేయాలి.

ఎప్పుడు నాటాలి?

కరవును తట్టుకునే మొక్క అన్నంత మాత్రాన నాటిన రోజు నుంచే తట్టుకోదు. వేరు దిగేదాకా రెండు మూడు నెలలు క్రమం తప్పకుండా తడి అందాలి. అందుకే వేసవిలో నాటడం నీళ్ల దండగ. జులై నుంచి సెప్టెంబరు లోపు నాటితే ఈశాన్య వానలే మిగతా పని చూసుకుంటాయి. మొదటి ఏడాది కలుపు తీయడానికి కూలి ఖర్చు లాన్ కంటే ఎక్కువే అవుతుంది. రెండో ఏడాది నుంచి గడ్డి కోత, డీజిల్ ఖర్చు మిగులుతాయి.

తిరుపతిలో ఇల్లున్న వారికీ ఇదే వర్తిస్తుంది. లాన్ మొత్తం ఒకేసారి పెకిలించనక్కర్లేదు. కూర్చునే చోట గరిక ఉంచి, గోడ వెంట, గేటు పక్కన, ఎవరూ నడవని మూలల్లో ముందు మార్చండి. నర్సరీలో కొనేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: నెల రోజులు నీళ్లు పెట్టకపోతే బతుకుతుందా? వారం రోజులు వానలో నానితే బతుకుతుందా? రెండింటికీ అవునంటేనే తెచ్చుకోండి.

ఇక టీటీడీ విషయానికొస్తే, డ్యాముల్లో ఎంత నీరుందో ప్రజలకు చెప్పే అలవాటు ఇప్పటికే ఉంది. తోటల్లో ఎంత విస్తీర్ణం లాన్ ఉంది, దానికి మంచినీరు ఎంత, శుద్ధి చేసిన నీరు ఎంత అన్నది కూడా అదే ప్రకటనలో చేరిస్తే మంచిది. నీళ్లు పొదుపు చేయమని భక్తులను అడిగేటప్పుడు, తోటల పద్దు కూడా వారికి కనిపించాలి.