చేతిపనికి పట్టా ఎప్పుడు?

అర గ్రాము తేడాను కంటితో పట్టేసే మనుషులు పలాసలో ఉన్నారు. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో గ్రేడింగ్ బల్లల ముందు కూర్చునే మహిళలు వాళ్లు. డబ్ల్యూ 320 రకమంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండ్లు తూగాలి. డబ్ల్యూ 240 అయితే 220 నుంచి 240. సగటు తీస్తే ఆ గుండుకూ ఈ గుండుకూ మధ్య తేడా అర గ్రామే. తూకంతో పని లేకుండా, ఏ పప్పు ఏ కుప్పలో పడాలో వాళ్ల వేళ్లకు తెలిసిపోతుంది. రంగు మారినదీ, పొట్టు మిగిలినదీ, పురుగు తొలిచినదీ అదే చూపులో బయటపడతాయి.

పిక్క కొట్టడం ఇంకా కష్టమైన పని. ఉడికించి ఆరబెట్టిన జీడిపిక్క పెంకు చీలాలి, లోపలి పప్పు చిట్లకూడదు. గుండు కాస్తా బద్దయితే ధర పడిపోతుంది. పెంకులోని జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది కాబట్టి చేయి ఎక్కడ పడాలో, ఎక్కడ పడకూడదో కూడా తెలిసుండాలి. ఈ విద్యను ఏ బడీ నేర్పలేదు. తల్లి పక్కన, తోడికోడలి పక్కన కూర్చుని నేర్చుకున్నదే. ఇరవై ఏళ్లు చేసినా చేతికి ఒక్క కాగితం రాదు.

కాగితం లేకపోతే ఏం పోయిందనే వారికి జవాబు చట్టంలోనే ఉంది. కనీస వేతనం ఖరారు చేసేటప్పుడు పనివారి నైపుణ్యాన్ని లెక్కలోకి తీసుకోవాలని 2019 నాటి వేతనాల కోడ్ చెబుతోంది. నైపుణ్యం లేనివారు, కొద్దిపాటి నైపుణ్యం ఉన్నవారు, నైపుణ్యం గలవారు, అత్యున్నత నైపుణ్యం గలవారు అని అందులో నాలుగు మెట్లున్నాయి. తన పనితనాన్ని రుజువు చేసుకునే దారి లేని మనిషిని కింది మెట్టు మీద నిలబెట్టడం ఎవరికైనా సులువే.

అనుభవంతో వచ్చిన నైపుణ్యాన్ని గుర్తించే ఏర్పాటు దేశంలో లేకపోలేదు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో అది ఒక భాగం. ముందే పని వచ్చినవారికి కొద్ది గంటల అవగాహన ఇచ్చి, పరీక్షించి, సర్టిఫికెట్ ఇస్తారు. ఆలోచన మంచిదే. కానీ ఆ సర్టిఫికెట్ చూపించిన రోజున కూలి పెరగాలి, బ్యాంకు మేనేజరు కుర్చీ చూపించాలి. ఆ రెండూ జరగకపోతే అది ట్రంకుపెట్టె అడుగుకు చేరుతుంది.

2023 సెప్టెంబరులో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం ఈ విషయంలో ఒక అడుగు ముందుంది. అందులో గుర్తింపు వెంటే పనిముట్లకు 15 వేల రూపాయలు, రెండు విడతల్లో మూడు లక్షల వరకు పూచీకత్తు లేని రుణం ఉన్నాయి. పథకంలోని 18 వృత్తుల్లో పడవలు చేసేవారు, వలలు అల్లేవారు, కొబ్బరిపీచు నేసేవారు ఉన్నారు. శ్రీకాకుళం జిల్లాలో పలాస ఉన్న ఉద్దానం తీరానికి అది మేలే. జీడిపిక్క కొట్టే పని మాత్రం ఆ జాబితాలో లేదు.

అసలు పరీక్ష ఎలా ఉండాలో ఉద్దానానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం ప్రాంతాల నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్ దేశాలకు వెళ్లినవాళ్లున్న ఊళ్లలో వెల్డింగులో 6జీ పరీక్ష అనే మాట తెలియని కుర్రాడు అరుదు. పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. వెల్డరే దాని చుట్టూ తిరుగుతూ అతుకు వేయాలి. తర్వాత ఆ అతుకును కోసి వంచి చూస్తారు, లేదా ఎక్స్‌రే తీస్తారు. ఎక్కడ నేర్చుకున్నావు, ఎంతవరకు చదివావు అనే ప్రశ్నకు ఆ అతుకులో చోటు లేదు. బావగారి షెడ్డులో నేర్చినా, ఐటీఐలో నేర్చినా పగులు పగులే, పట్టు పట్టే. జీడిపప్పు గ్రేడింగుకూ, టెక్కలి నీలి గ్రానైటు కోత, పాలిష్ పనులకూ ఇంత సూటి పరీక్ష పెట్టడం అసాధ్యమేమీ కాదు. వంద గుండ్లు ఇచ్చి వేరు చేయమంటే చాలు, పనితనం పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఫోనులో నేర్చుకుంటున్న కొత్త తరానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. టెక్కలిలో డిగ్రీ చదివే అమ్మాయి యూట్యూబులో అకౌంట్ల సాఫ్ట్‌వేరు నేర్చుకోవచ్చు, మోటారు మెకానిక్కు వైరింగు నేర్చుకోవచ్చు. వీడియో చివరిదాకా చూసినంత మాత్రాన వచ్చే సర్టిఫికెట్‌ను నమ్మలేమనే యజమాని మాటలో న్యాయం ఉంది. కేంద్రం 2017లో ప్రారంభించిన స్వయం వేదిక దీనికో దారి చూపింది. పాఠాలు ఎవరైనా, ఎక్కడి నుంచైనా ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్ కావాలంటే రుసుము కట్టి, పర్యవేక్షణలో పరీక్ష రాయాలి. నేర్చుకునే చోటు మీద ఆంక్ష లేదు, పరీక్షలో సడలింపూ లేదు.

ఫ్రాన్స్ ఇంకా ముందుకెళ్లింది. పని అనుభవాన్నే ఆధారంగా చూపి డిప్లొమా పొందే హక్కును 2002 చట్టంతో పౌరులకు ఇచ్చింది. అభ్యర్థి తన అనుభవాన్ని నిపుణుల ముందు నిరూపించుకోవాలి. నెగ్గితే దక్కేది చదివినవారికి ఇచ్చే డిప్లొమాయే. అనుభవానికి వేరే రంగు కాగితం ఇచ్చి పక్కన కూర్చోబెట్టకపోవడమే అందులోని గౌరవం.

అనుభవాన్ని పరీక్షించి పట్టా ఇచ్చే ఈ పని శ్రీకాకుళంలో ఇప్పుడే మొదలుకావాలి. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. రేపు అక్కడ ఉద్యోగాలు పడినప్పుడు దరఖాస్తులో మొదట అడిగేది సర్టిఫికెట్లే. శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి బోట్లు నడిపిన మత్స్యకారులకు గాలి వాలు, నీటి లోతు, ఇంజను చప్పుడులో తేడా బాగా తెలుసు. దరఖాస్తులో అవి రాయడానికి గడి ఉండదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులూ మరబోట్లు ఒడ్డునే ఉంటాయి, మనుషులు ఊళ్లోనే ఉంటారు. నైపుణ్యాభివృద్ధి సంస్థ, మత్స్యశాఖ కలిసి ఆ రోజుల్లో భావనపాడులో, వజ్రపుకొత్తూరు మండలంలోని రేవు గ్రామాల్లో తెలుగులోనే చేతిపరీక్షలు పెట్టాలి. ఇంజను మరమ్మతు, బోటు నడపడం, తాడు పని, వల పని దేనికది విడిగా చూడాలి. నెగ్గినవారి పట్టాను ఓడరేవు గుత్తేదారులు తప్పక లెక్కలోకి తీసుకోవాలన్న షరతును కాంట్రాక్టులోనే రాయాలి.