ఉదహరింపుల జమాఖర్చు

మెదడుపై పరిశోధించే శాస్త్రజ్ఞుడు గొప్పవాడా కాదా అంటే, ఆయన పేపర్లను ఎందరు ఉదహరించారో లెక్కబెట్టి చెబుతున్నారు నేడు. సరే, లెక్కే చూద్దాం. 2006లో ‘నేచర్’ పత్రికలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారి వ్యాసమొకటి వచ్చింది. ఎలుకల్లో జ్ఞాపకశక్తిని దెబ్బతీసే ప్రోటీను దొరికిందన్నారు. అల్జైమర్స్ గుట్టు తెలిసిపోయిందని ఎందరో సంబరపడ్డారు. రెండు వేలకు పైగా పేపర్లు దాన్ని ఉదహరించాయి! 2022లో అందులోని బొమ్మలు దిద్దినవేమోనన్న అనుమానాలు అచ్చయ్యాయి. 2024లో వ్యాసాన్నే వెనక్కి తీసుకున్నారు. మరి ఉదహరించిన వారిలో ఆ ప్రయోగం మళ్ళీ చేసి చూసినవారెందరు? ఉద్యోగాలూ, గ్రాంట్లూ ఈ అంకెలు చూసే ఇస్తుంటే, “మాకది దొరకలేదండీ” అని రాసే సాహసం ఏ కుర్ర పరిశోధకుడు చేస్తాడు? చేశాడే అనుకోండి – తప్పుపడుతూ రాసిందీ ఆ పెద్దల ఖాతాలో ఇంకో ఉదహరింపుగానే జమ!