రెండు బకెట్ల నీళ్ళు

మీ ఇంట్లో ఆరుగురు ఉన్నారనుకోండి. తెల్లవారి లేచింది మొదలు రాత్రి పడుకొనేవరకు వంటకు, త్రాగడానికి, స్నానాలకు, పసిబిడ్డ గుడ్డలకు అన్నిటికీ కలిపి రెండు బకెట్ల నీళ్ళే, అంటే 40 లీటర్లే ఇస్తామంటే మన అమ్మలు ఏమంటారు? 2011లో తువాలు దేశపు రాజధాని ఫునాఫుటిలో ఒక్కొక్క కుటుంబానికి కొలిచి ఇచ్చిన నీరు అంతే.

తువాలు పేరు మనలో చాలామంది విని ఉండరు. పసిఫిక్ మహాసముద్రంలో 9 చిన్న దీవులు. నేలంతా కలిపితే 26 చదరపు కిలోమీటర్లు. జనం ఇంచుమించు 11,000. మన వైపు ఒక పెద్ద ఊరి జనాభా! అక్కడ ఏరు లేదు, వాగు లేదు, కొండ లేదు. పగడపు దిబ్బలే నేల. గొయ్యి త్రవ్వితే ఉప్పునీటి మీద తేలే పలుచని మంచినీటి పొర తగులుతుంది. ఆ పొరలోకి సముద్రపు ఉప్పు చేరుతుంది. ఫునాఫుటిలోనైతే ఇండ్ల సెప్టిక్ ట్యాంకులనుండి కారే మురుగు కూడ చేరుతున్నది. సముద్రం ఒడ్డున కాపురముండి చేతిపంపు కొట్టి చూసినవారికి ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు.

కనుక వారికి ఆధారం వాన. ఇంటి కప్పుమీద పడిన నీరు చూరు క్రింద కట్టిన దోనెలోకి, దోనెలోనుండి తొట్టిలోకి రావాలి. 2011లో లానినా అనే వాతావరణ మార్పు వలన నెలల తరబడి వానలు ముఖం చాటేశాయి. తొట్లు అడుగంటాయి. సెప్టెంబరు 28న ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది.

మిక్కిలి ఇబ్బందిపడిన దీవులలో నుకులేలే ఒకటి. ఈ దీవికి సంఘ చరిత్రలో ఒక స్థానమున్నది. 1861లో మనిహికి అనే దూరపు దీవి సంఘపు పరిచారకుడు ఎలెకన తుఫానులో చిక్కి, వారాల తరబడి సముద్రంలో కొట్టుకొనిపోయి, చివరకు ఒడ్డుచేరింది ఇక్కడే. తువాలులో సువార్త మొదలైంది ఆయనతోనే. నూటయేబది ఏండ్ల తరువాత అదే దీవి గ్రుక్కెడు నీళ్ళకోసం ఓడలవైపు చూసింది.

సహాయం త్వరగానే వచ్చింది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా ప్రభుత్వాలు సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే యంత్రాలను పంపాయి. రెడ్‌క్రాస్ సంస్థ తోడు నిలిచింది. అయితే ఒక సంగతి గమనించండి. అటువంటి యంత్రమే జపాను 2006లో ఫునాఫుటికి ఇచ్చి ఉన్నది. దాహం ముదిరిన సమయానికి దానికే మరమ్మతు అవసరమైంది! వచ్చినవారు క్రొత్తవి దించడంతోపాటు పాతదానిని కూడ బాగుచేయించవలసి వచ్చింది. ఇచ్చినవారిని తప్పుపట్టడానికి ఈ మాట వ్రాయడం లేదు. ఉప్పుగాలి తగిలే చోట, విడిభాగాలు సముద్రాలు దాటి రావలసిన చోట ఏ యంత్రం మాత్రం ఎంతకాలం నడుస్తుంది?

ఖర్చు కూడ చూడండి. ఆ రోజుల లెక్క ప్రకారం వెయ్యి లీటర్లు తయారుచేసి ట్యాంకరులో ఇంటికి చేర్చడానికి సుమారు 6 ఆస్ట్రేలియా డాలర్లు అయ్యేది. (ఆ దేశంలో చెల్లేది ఆ డాలరే.) ఇంటివారి వద్ద తీసుకొన్నది మూడున్నర. మిగిలినది ప్రభుత్వం భరించింది. తొట్లు బాగా తగ్గినప్పుడే నడపాలనుకొన్న యంత్రాలు ఎడతెగక నడిచాయి.

తరువాత జపాను మరొక పెద్ద యంత్రాన్ని, రెండు చిన్నవాటిని ఇచ్చింది. యూరోపియన్ యూనియన్, ఆస్ట్రేలియా నీటి తొట్లు ఇచ్చాయి. నా మట్టుకు ఈ తొట్లే మేలైన కానుక అనిపిస్తుంది. తొట్టికి కరెంటు అక్కరలేదు, ఇంజనీరు అక్కరలేదు. కప్పు శుభ్రంగా ఉంచి, దోనెలో ఆకులు తీసివేసే చేయి ఇంట్లో ఒకటి ఉంటే చాలు. వాన కురవకపోతే అది ఖాళీయే, నిజమే. అప్పుడు యంత్రం కావలసిందే.

2012 జూలైలో ఐక్యరాజ్యసమితి తరఫున కటరీనా డి అల్బుకర్కీ అనే పోర్చుగల్ దేశపు న్యాయవాది తువాలు వెళ్ళారు. సురక్షితమైన నీరు, మరుగుదొడ్డి ప్రతి మనిషికీ హక్కు అని సమితి 2010లోనే తీర్మానించింది. దేశమంతటికీ ఒక నీటి ప్రణాళిక ఉండాలని ఆమె కోరారు. ఆ సంవత్సరమే తువాలు తన జలవిధానాన్ని సిద్ధపరచుకొన్నది. మనిషికి రోజుకు 50 నుండి 100 లీటర్లు అందాలన్నది వారి గురి.

ఇక మరుగుదొడ్ల విషయం. మన ఇండ్లలో దీనిని గూర్చి మాట్లాడడానికి సిగ్గుపడతాము గాని, తువాలువారు మాట్లాడక తప్పలేదు. వాన నీటిని పట్టి, దాచి, దానినే మరుగుదొడ్డిలో పోసివేయడం, ఆ మురుగు తిరిగి నేలలోని నీటిలో కలవడం! అందుకని పసిఫిక్ దేశాల ఉమ్మడి సంస్థ సోపాక్ తోడ్పాటుతో నీరు పోయనక్కరలేని ఎరువు మరుగుదొడ్లు కట్టడం మొదలుపెట్టారు. మలం మీద ఎండుటాకులవంటివి వేస్తారు. కాలం గడిచేకొద్దీ అది మగ్గి ఎరువవుతుంది. వినగానే ఎవరికైనా ఏవగింపే. పశువుల పెంట పొలానికి తోలే మనకే అలా ఉంటే, వారిని అనడమెందుకు? అయినా ఇంటి నీటి వాడకం నూటికి 30 వంతుల వరకు తగ్గుతుందని తేలింది. వాన రాని రోజులలో ఆ నీరు తొట్టిలోనే ఉంటుంది.